పోయి దొరికినవి

నేలమాళిగలో, బంగాళాదుంపల బస్తా పక్కన,
నాలుగు టెరాబైట్ల డిస్కులు రెండు
పాత పెట్టెలో బిగించి లినక్సు ఎక్కించాను.
లియెపాయ రేవులో ముప్పయ్యేళ్ళు ఓడలకు వైర్లు లాగిన చేతులివి,
స్క్రూ ఎంత తిప్పాలో వాటికి నేను చెప్పక్కర్లేదు.

పై అంతస్తు స్కైద్రీతెకు చోటు చాలడం లేదు.
పిట్టల గొంతులు రికార్డు చేస్తుంది ఆమె,
పాపె సరస్సు రెల్లులో, చీకటి విడవకముందే,
మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి.
నిండుకుండ తొణకదంటారు గానీ
ఆమె కంప్యూటరు నిండి, తొణికి, రోజుకోసారి ఆగిపోతోంది.
"కింద నీకు చోటుంది కదా, కాస్త పైకి పంపరాదూ" అంది,
పొయ్యిలోకి నాలుగు కట్టెలు అడిగినట్టు.

చోటును పైకి పంపడం!
పంపవచ్చు. అదే చిత్రం.

పాత పొగగొట్టం కన్నంలోంచి నీలం కేబులు ఎక్కించాను.
డిస్కులో ఒక ముక్క కోసి దానికో పేరు పెట్టాను:
సంవత్సరం, నెల, ఆపైన తలకిందులుగా రాసిన చిరునామా.
చంటిపిల్లకు ఎవరూ పెట్టరు అలాంటి పేరు.
తలుపు నంబరు మూడువేల రెండువందల అరవై.
ఆమె యంత్రం వచ్చి తట్టి
తన పేరు చెప్పింది, రహస్యపదం చెప్పింది.
పైన తెర మీద కొత్త డిస్కు ఒకటి మొలిచింది,
అక్కడే పుట్టి పెరిగినట్టు.

ఇందులో నాకు నచ్చింది ఏమంటే
కిందున్న పెట్టెకు ఏమీ తెలియదు.
ఫైలంటే తెలియదు, ఫోల్డరంటే తెలియదు, కొంగంటే అసలే తెలియదు.
తొంభైవేల పదమూడో గడి తెమ్మంటే తెస్తుంది,
దాచమంటే దాస్తుంది.
మూట విప్పి చూడని హమాలీ.
రేవులో అలాంటివాళ్ళను ఇద్దరినే చూశాను.

మొదటివారం కరెంటు పోయి వచ్చింది. ఆమె యంత్రం లేవలేదు,
దారి తెరుచుకోకముందే డిస్కు కోసం తడుముకుంటూ కూర్చుంది.
ఒక్క మాట చేర్చాను: ముందు నెట్‌వర్కు, తరువాతే నువ్వు.
లేచింది. ఆ పూట నన్ను నేను చాలా మెచ్చుకున్నాను.

మార్చిలో, వేగం ఎంతో చూద్దామని,
అదే ముక్కను నా ల్యాప్‌టాప్‌కూ తగిలించాను.
రాత్రిపూట ఒక పరీక్ష రాసేలా పెట్టాను.
చూశాను, మురిశాను, తీయడం మరిచాను.

ఒకే ఒరలో రెండు కత్తులు.
ఆమెది ఈ డిస్కంతా నాదే అనుకుంటుంది,
నాది నాదే అనుకుంటుంది,
ఒకటి రాసింది రెండోది చూడదు,
ఖాళీ అనుకుని దాని మీదే రాస్తుంది.
కింద హమాలీ ఇద్దరికీ సరేనన్నాడు.
పదకొండు రోజులు.

స్కైద్రీతె మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడి
"నిరుటి ఏప్రిల్ లేదు" అంది.
తిట్టలేదు. తిడితే బాగుండేది.

అనుమతుల జాబితాలో నా పేరు నేనే కొట్టేశాను.
మరమ్మతు ఆజ్ఞ అడిగిన ప్రతిసారీ
అవును, అవును, అవును అంటూ తెల్లవార్చాను.
మిగిలినవన్నీ ఒక ఫోల్డరులో కుప్ప,
పోయి దొరికినవి అని దానికి పేరు.
ఏడువందల చిల్లర ఫైళ్ళు. వాటికి మాత్రం పేర్లు లేవు,
ఒక్కోదానికీ ఒక అంకె.

ఆదివారాలు ఆమె కుర్చీ లాక్కుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది.
నేను పక్కన కూర్చుని చెప్పింది కొడతాను.
సీసా మూతిలో ఊదినట్టు ఒకటి: "రెల్లుకొంగ. తూర్పు గట్టు."
దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు ఇంకొకటి:
"గడ్డికోడి. వానకు ముందు."
సగంలో తెగినదానికి
మిగతా సగం తనే ఈల వేసి చూసుకుంది.

మొన్న ఒకదాన్ని మూడుసార్లు విన్నది.
"ఇది పిట్ట కాదు. మార్గెర్స్ దగ్గు."
ఎవరని నేనడగలేదు.
కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కాసేపు ఆగి
ఏం పేరు పెట్టమంటావన్నాను.

"అంకె ఉండనీ."