రెండంగుళాల వదులు

గుణుపురంలో నా కొట్టు బోర్డు ఒడియాలో ఉంటుంది,
కొలతల పుస్తకం తెలుగులో.
అందులో పొట్నూరు వరహాలు గారి పేజీలో
నడుం ముప్పై ఎనిమిది అని రాసి
పక్కన ఓ చుక్క పెట్టాను.
ఆ చుక్క ఏటో మా ఆవిడక్కూడా చెప్పలేదు.

పద్మపురం రోడ్డులో జీడిపిక్కల డబ్బు పోయి
తమ్ముడి చెయ్యి మూడు వేళ్లతో మిగిలిన ఏడాది,
రాయగడ కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తిరిగి
ఆయన కాగితం తెచ్చుకున్నారు.
కాగితం బీరువాలో దాచారు.
రెండోదానికి చోటు వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చారు.

టేపు కుడి మొల దగ్గర ఆగింది.
గుడ్డ కింద గట్టిగా ఏదో తగిలింది.
నేను తలెత్తలేదు.
ఆయన గోడమీద క్యాలెండరు చదువుతున్నారు,
అది నిరుటిది.
"పొట్ట పెరిగిందోయ్ నీలాచలం,
ఓ రెండంగుళాలు వదులుంచు. పొడుగు కూడా."
"గళ్ల గుడ్డ తీసుకోండి బాబూ,
తెల్లదైతే లోపలున్నదంతా చెప్పేస్తాది."
ఇద్దరం చెమట గురించే మాట్లాడుకున్నాం.

అప్పట్నించీ నా కుట్టు ఎలా నడుస్తోందో
బజార్లో చూస్తుండేవాణ్ణి.
ఫ్యాను గాలి కుడివైపు కొడితే కుర్చీ మారుస్తారు.
టీ కొట్టు దగ్గర చిల్లర జారితే నడుం వంచరు,
గొంతుక్కూచుని ఒక్కోటీ ఏరతారు.
భోజనాల పంక్తిలో మాత్రం కింద కూచోరు,
మోకాలు నొప్పంటారు.
ఊరంతా నమ్మింది.
ఒకరు నువ్వుల నూనె, ఒకరు వావిలాకు,
సవర కొండల్నించి ఎవరో ఏదో వేరు కూడా తెచ్చారు.
మోకాలు నొప్పున్నోడు గొంతుక్కెలా కూచున్నాడని
ఎవరూ అడగలేదు. నేనసలే అడగలేదు.

రథం లాగేటప్పుడు తాడు ఎడం చేత్తోనే,
కుడి మోచెయ్యి డొక్కకి అంటుకుపోయి.
వియ్యంకుడు వాటేసుకోబోతే
అడుగు వెనక్కేసి నమస్కారం పెట్టేశారు,
ఆ పెద్దమనిషి ఇప్పటికీ నొచ్చుకుంటున్నాడు.
మనవరాలు నాలుగేళ్లది, చంక దిగదు.
ఎప్పుడూ ఎడం చంకే.
ఆ పిల్ల లెక్కలో తాతకి కుడివైపు లేదు.

ఎలక్షన్లొచ్చాయి.
లైసెన్సున్నవన్నీ ఠాణాలో అప్పగించమన్నారు.
రసీదు నాలుగు మడతలు పెట్టుకుని
ఆయన తిన్నగా నా కొట్టుకే వచ్చారు.
దాచడానికి కుట్టిన చొక్కా
దాచడానికేమీ లేక
కుడివైపు జారి వేలాడుతోంది.
"ఉన్నట్టు తెలీకూడదని మూడేళ్లు తిప్పలు పడ్డాను.
ఇప్పుడు లేనట్టు తెలీకూడదు."
"ఎవరికీ తెలీదు కదా బాబూ?"
"ఒక్కడికి తెలిసే ఉంటాది.
ఆ ఒక్కడి కోసమే."

పాత ప్యాంటు గుడ్డతో బెత్తెడు సంచీ కుట్టాను.
వంశధార ఇసక జల్లించి పోశాను.
పక్క కిరాణా కాటా మీద పెడితే
ముప్పాతిక కిలోకి కొంచెం మొగ్గు.
"ఏటిది?" అన్నాడు సాహు.
"సూదులు గుచ్చుకునే దిండు."
"ఇంతుందేటి? గునపాలు గుచ్చుతావా?"
వాడి నవ్వు సందు చివరిదాకా వినిపించింది.

ఓట్లయ్యాయి, లెక్కింపయ్యింది.
ఠాణాకెళ్లి తెచ్చుకున్నారని విన్నాను,
వెళ్లలేదనీ విన్నాను.
సంచీ తిరిగివ్వలేదు.

మొన్న మనవరాలి చెవులు కుట్టించే ముహూర్తానికి
కొత్త చొక్కా కావాలన్నారు.
టేపు కుడి మొల దగ్గర అలవాటుగా ఆగింది.
ఆయన క్యాలెండరు వైపు చూశారు,
ఈసారి ఈ ఏడాదిదే.
"వదులు అలాగే ఉంచు."

ఆయనెళ్లాక కొట్టు ఊడ్చాను.
గుడ్డ పీలికలు, దారం ముక్కలు, విరిగిన గుండీ ఒకటి.
చీపురు కింద గరగరమంటూ
కాసింత ఇసక.