పాలు పోసుకోని చోటు

మార్చి నెలలో మే చేమ్ కొండలు కనిపించవు.
ఉన్నాయని నమ్మాలి, అంతే.
కోతలయ్యాక మొక్కజొన్న చేలకి నిప్పు పెడతారు.
చియాంగ్ మాయి ఊరు ఊరంతా ముక్కుకి గుడ్డ కట్టుకుని
ఆ పొగనే పీలుస్తూ
ఆ పొగనే తిడుతుంది.

నిప్పుకంటే ముందు చేరాలని నా డొక్కు పికప్ తొందర.
గింజ ఒలిచిన బెండ్లు కావాలంటే
ఖంపాన్ అవ్వ నవ్వింది, నవ్వు మధ్యలో దగ్గు.
"పందులు కూడా ముట్టవు. నీకెందుకు?"
బొగ్గు చేస్తానన్నాను.
"బొగ్గుకి ఇంత చదువా?"

ఏం చెప్పను!
గాలి తగలకుండా మాడ్చాలని,
ఆమ్లంలో కడిగి కడిగి బూడిద వదిలించాలని,
పొడిని అచ్చులో నొక్కి
బొటనవేలంత మూస తియ్యాలని.
ఏడు మూసలు పగిలాయి. ఎనిమిదోది నిలిచింది.
పగిలినవి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి,
ఎందుకు పారెయ్యలేదో తెలియదు.

ఆసుపత్రిలో తెల్లారకముందే, సీసపు గోడ వెనక
దువాంగ్‌దావ్ ఆవుని పితుకుతుంది.
వాళ్ళ మాటే అది: మాలిబ్డినం ఆవు,
టెక్నీషియం పాలు.
నాలుగు చుక్కలు మూసలో వేసి
ఆర్గాన్ నింపి తలుపు బిగిస్తుంది.
పదిహేను సెకన్లు.
ఇనుము కరిగే వేడిని దాటిపోయి
బెండు మళ్ళీ పొగవుతుంది.

ఈసారి పీల్చే మనిషి పేరు
కాగితం మీద ఉంది.
ఖంపాన్, డెబ్భై ఒకటి.

గొట్టం నోట్లో పెట్టుకోబోతూ నా వైపు చూసింది.
"ఇది మా చేని పొగేనా?"
కాదనాలి. అవుననాలి.
"మూడు గుక్కలు, అవ్వా. బిగబట్టు."

తెర మీద ఎడమ ఊపిరితిత్తి
నిండు కంకిలా గింజ గింజా వెలిగింది.
కుడివైపు, అడుగున మాత్రం
పాలు పోసుకోని చోటు.
దువాంగ్‌దావ్ ఏమీ అనలేదు.
కెమెరాని ఇంకో పక్కకి తిప్పింది.

ఆ చీకటి పేరేమిటో డాక్టరు చెబుతాడు, తర్వాత.

"లోపల ఎంతసేపుంటుంది వెలుగు?"
ఆరు గంటలకి సగం, ఇంకో ఆరుకి సగంలో సగం.
వేళ్ళు మడిచింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదలెట్టింది.
"అయితే ఎల్లుండి కోడి కూసేసరికి
ఇల్లు ఆరిపోయినట్టే."

చెప్పులు వెతుక్కుంటూ, దగ్గు ఆపుకుంటూ అంది:
"పక్క చేనివాళ్ళు తగలబెట్టేశారు.
నీకోసం పన్నెండు బస్తాలు ఆపాను.
వాన రాకముందే తోలుకుపో.
కిలోకి ఎంతిస్తావో మాత్రం
ఇప్పుడే చెప్పు."