ఆరో వరుస

వేదవల్లి మేడం చరిత్ర చదివింది వంగి.
నేను బక్కెట పట్టుకున్నాను.
ముప్పై ఒక్క ఏండ్లు
తిరుపతి యూనివర్సిటీ జీపులో వెనక సీటు నాది.
బ్రష్షూ, మసి డబ్బా, తడిపిన కాగితాలూ నావి.

స్వర్ణముఖి ఒడ్డున, నాగమనాయని కండ్రిగలో
మా వాళ్ల చాకిరేవు బండను చూపించింది నేనే.
కండ్రిగంటే ఎవురో ఎవురికో రాసిచ్చిన నేలని
అప్పుడు చెప్పిందామె.
అంతవరకూ నాకది బస్సాగే చోటు.

నురగ కడిగితే అక్షరాలు.
కాగితం పరిచి బ్రష్షుతో కొట్టినా,
మాయమ్మ బట్టలు కొట్టినట్టే, అదే చెయ్యి, అదే దెబ్బ.
మసి అద్దితే
గుంటలు తెల్లగా, మిట్టలు నల్లగా
అయిదు వరుసలు లేచి నిలబడినాయి:
ఫలానా నాయని అమరంలో
ఫలానా ఊరి చాకళ్లు
బండ ఒక్కింటికి ఏటా కట్టే రెండు పణాల సుంకం...

ఉతికే రాయికి పన్నని
ఉతికే రాయి మీదే చెక్కినారు.
నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

ఆరో వరుసలో మిగిలింది ఒక్క మాట, అదీ సగం.
ముందర ‘వి’. చివర ‘చితిమి’.
నడుమ నున్నగా, అద్దం.
విడిచితిమి అంటే మాఫీ.
విధించితిమి అంటే బాదుడు.
నాయని దయో, నాయని దండమో
ఒక్క అక్షరం కాడ ఆగిపోయింది.

ఢిల్లీ ఆయన ఒకాయన రాయిని చూడకుండానే
విధించితిమి అని అచ్చేసినాడు.
ప్రభువంటే అంతే కదా అన్నాడు.
మేడం చుక్కలు పెట్టింది.
మూడు చుక్కలు. వాటి చుట్టూ నలభై పేజీలు,
ధర్మాసనాలు, పాడికావలి, తప్పులు, దండుగలు.
అప్పట్లో తప్పంటే జరిమానా అంట.
చేసిందీ కట్టిందీ ఒకటే మాట.

ప్రమోషన్ రాలేదు. కోర్టుకు పోయింది.
పదకొండేండ్లు వాయిదాలు.
చంద్రగిరి దాటినాక జీపు టైరు మారుస్తా ఉంటే
రోడ్డు పక్కన నిలబడి అనింది:
“ఆ చాకళ్లు ఎన్నేండ్లు తిరిగినారో, మునిరత్నం,
ఈ అయిదు వరుసల కోసం.”

“విడిచితిమి అనే రాసేయండి మేడం,
ఎవురు చూడొచ్చినారు?” అన్నానొకనాడు,
మా ముత్తాతల తరఫున.
కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
“అరగదీసింది మీ వాళ్లే కదా,
వాళ్లకు తెలిసే ఉంటుంది.”

రిటైరైన సాయంత్రం
శాలువా నా చేతికిచ్చి
ఆ నకలు చుట్ట మాత్రం ఒళ్లో పెట్టుకొని
ఆటో ఎక్కింది.

ఆదివారం కండ్రిగకు పోయినా.
ఏట్లో నీళ్లు మోకాలి దాకా.
మా చిన్నత్త దుప్పటి పిండతా అడిగింది:
“ఇన్నేండ్లు చూస్తిరే, ఏముందిరా దాంట్లో?”
“బండకు సుంకం.”
“కట్టాల్నా, వద్దా?”
“ఇంకా తేలలేదత్తా.”
“తేలిందాకా ఉతకనీ మరి. పక్కకు జరుగు” అని
దుప్పటి పైకెత్తి
ఆరో వరుస మీద కొట్టింది.