గిట్ట దగ్గరి మూలుగ

కౌటొకేనోలో డిసెంబరు. మధ్యాహ్నం రెండింటికే
చీకటి దొడ్డి కంచెమీద వాలింది.
పశువైద్యం రెండో ఏడు చదివే రావ్నా
నుదుటి దీపం వంచి, మంచులో మోకాళ్ళూని
కోసిన రెయిన్‌డీర్ కాలు చీల్చి చూస్తోంది.

"ఇదిగో నాన్నా, ధమని.
తెగినా నోరు మూయదు చూడు,
మూడు పొరల మొండి గోడ.
గుండె కొట్టే ప్రతి దెబ్బకీ సాగి, సర్దుకుని
ఆ దెబ్బనే ముందుకు తోసేది.
చుట్టూ అతుక్కుని, చప్పబడి,
పాత రిబ్బన్లలా ఉన్నవి సిరలు."

మాహ్తె కత్తి తుడుచుకుంటూ విన్నాడు.
ఎడమ కాలికి అతనికి రెండు వేళ్ళు లేవు.
ఒక చలికాలం తీసుకుపోయింది.

కిందికి దిగే నెత్తురు వెచ్చనిది.
పైకొచ్చేది మంచు తొక్కి వస్తోంది.
ఒకే ఇరుకు దారిలో ఒళ్ళు రాసుకుంటూ
ఎదురెదురు నడుస్తాయి రెండూ.
దిగేది తన వేడి ఎక్కేదానికిచ్చి
చల్లబడి గిట్టకు చేరుతుంది.
గుండెకు చలి కబురు అందదు.

"అందుకేనా," అన్నాడు మాహ్తె,
"తొడ ఎముకలో మూలుగ గట్టిపడుతుంది,
గిట్ట దగ్గరిది మాత్రం జారుతూనే ఉంటుంది?
మా అమ్మ బూట్లకు పట్టించింది ఆ నూనే."
రావ్నా కాసేపు మాట్లాడలేదు.
ఆ పేజీ ఆమెకింకా రాలేదు.

తర్వాత అతని చేయి లాక్కుంది.
ఉబ్బిన నీలి సిరను వేళ్ళ వైపు ఒక వేలితో నొక్కి
రెండో వేలితో మణికట్టు దాకా నిమిరింది.
సిర మాయం.
పై వేలు తీసింది. అయినా రాలేదు.
"లోపల తలుపులున్నాయి. వెనక్కి రానివ్వవు."
"మన దొడ్డి తలుపులే."
"అవే అనుకో."

కంచె లోపల మంద తిరుగుతోంది,
ఎవరూ తోలకుండానే, గుండ్రంగా,
వీపుల మీద ఆవిరి.
సందు దగ్గర మాత్రం ఒక్కొక్కటే
కొమ్ములు వంచి, చెవి గుర్తు చూపించి దాటాలి.
వెంట్రుకను మించి సన్నని కేశనాళికలో
ఎర్ర కణానికీ ఇదే గతి:
ఒళ్ళు మడిచి దూరి,
మోసుకొచ్చిన ఊపిరి దించి,
కాలిన గాలి ఎత్తుకుని
తిరుగుబాట పట్టడం.

"ఇంక తియ్యి, వేలు తిమ్మిరెక్కుతోంది."
తీసింది.
సిర కిందినుంచి నిండింది, తొందరేం లేకుండా.

"లేని వేళ్ళ దాకా కూడా
పోయి వస్తుందా ఇది?"

"దారి అయిపోయిన చోటే వంగి
వెనక్కి తిరుగుతుంది నాన్నా."

అతను బూటు తాడు బిగించుకున్నాడు,
ఆ కాలికి కొంచెం వదులుగా.