మడమ చప్పుడు

జెల్లు చల్లగా ఉంటుందమ్మా, అని
రోజుకి ఇరవైసార్లు అనే మాటే అన్నాను.
వరహాలమ్మ నవ్వింది.
"కార్తీకంలో తెల్లారగట్ట గోదాట్లో మునిగేదాన్నండి. ఇదో చలా?"

అమలాపురం, మూడో అంతస్తు. కరెంటు పోయి
కింద జనరేటరు దడదడమంటోంది.
ప్రోబు కింద, ఆవిడ ఎడమ రొమ్ములో
అదే నల్లటి ముద్ద, అదే వంకర అంచు.
కొలిచాను. నాలుగు పాయింటు ఒకటి.
మందు ఎక్కించక ముందూ నాలుగు పాయింటు ఒకటే.
రెండు విడతలు, ఊడిన జుట్టు,
ఉప్పు కూడా తెలియని నాలుక,
కొలత మాత్రం ఒక్క గీత కదల్లేదు.

పక్క తెర మీద కొత్త ప్రోగ్రాము
ఎంత ఉందని అడగదు.
బూడిదరంగు రవ్వల్ని చూస్తుంది,
ధ్వని ఎక్కడ చెదిరిందో, ఎక్కడ మెత్తబడి తిరిగొచ్చిందో.
ఆరువందలమంది ఆడవాళ్ల చిత్రాల మీద చదువుకుందట.
మందుకి లొంగినవాళ్లున్నారు అందులో,
లొంగక పోయినవాళ్లూ ఉన్నారు.
పేర్లు చెరిపేశారు.
దానికి ఇద్దరూ పాఠాలే.

డెబ్బైమూడు శాతం, స్పందిస్తోంది, అంది.
మిగతా ఇరవైయేడు గురించి ఏమీ అనలేదు.

నేను చెప్పకూడదు. డాక్టరుగారే చెప్పాలి.
కానీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగినట్టుంది.
"తగ్గలేదు గదండి?"
"తగ్గలేదు. కానీ లోపల..."
మాట దొరకలేదు నాకు.

ఆవిడకి దొరికింది.
"మాది లంకండి. గట్టు పైకి చూత్తే
నిన్న ఎంతో ఇయ్యాళా అంతే. కొబ్బరిచెట్లు నిలబడే ఉంటాయి.
మా మావగారు మడమతో కొట్టి ఇనేవోరు.
గట్టిగా పలికితే గేదెని కట్టేవోళ్లం.
డొల్లగా పలికితే ఆ రేత్రే పాక ఇప్పేసేవోళ్లం.
అడుగున ఇసక వదులైపోయాక
పడ్డం ఎంతసేపండి."

మూడెకరాలు అలాగే పోయాయట.
ఒక నూతి ఒర. కాపుకొచ్చిన సపోటా.

జెల్లు తుడిచాను.
జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ అంది:
"ముప్పయ్యేళ్లు కోత ఆగాలని మొక్కానండి ఏటికి.
ఇప్పుడు ఇది కోసుకుపోవాలని మొక్కాలి.
ఆ తల్లి తికమక పడదు గదా?"

ఆయ్, పడదు లెండి, అన్నాను.
తర్వాతి పేరు పిలిచాను.

మధ్యాహ్నం మెట్లు దిగుతూ
ఎవరూ లేకుండా చూసి
మడమతో ఒక్కసారి కొట్టి విన్నాను.
సిమెంటు.
ఏమీ చెప్పలేదు.