అత్తరు సీసాలో గాజుపుల్ల

ఫోర్‌మన్ దగ్గర ఒక పసుప్పచ్చ పెట్టె ఉంది.
మూడుకాళ్ల మీద నిలబెట్టి మీట నొక్కితే
గోడ పొడుగునా ఎర్రదారం పరుస్తుంది.
నలభై అయిదు దీనార్లట.
ముట్టుకోవద్దని రెండు భాషల్లో చెప్పాడు.
నాకు మూడో భాషలో అర్థమైంది,
పెట్టెను చంకలోకి లాక్కున్న భాషలో.

నేను నీళ్లపైపుతో మట్టం చూసి పెరిగినవాణ్ణి.
ఆ కొస మామ, ఈ కొస నేను.
"నిలబన్యాయా?"
"లేదు మామా, ఇంకా ఊగుతాండాయి."
నీళ్లకు తొందర ఉండదు.
టైల్సు కాంట్రాక్టుకు ఉంటుంది.

శుక్రవారం జలీబు నుంచి బస్సెక్కి
అల్ రాయ్ సంతకు పోయినాను.
దుప్పట్ల మీద ఎవరెవరి ఇళ్లో కుమ్మరించినట్టు
రిమోట్లు, ఒంటి బూట్లు, ఫొటో పీకేసిన ఫ్రేములు.
పాత డీవీడీ రైటర్లు మూడు, ముప్పావు దీనారు.
"ఇవి పనిచెయ్యవు" అన్నాడు ముసలాయన, ముందుగానే.
"లోపల కన్నుంటే చాలు పెద్దాయనా" అన్నాను తెలుగులో.
అంతా తెలిసినట్టు తలూపినాడు.

ఆ కన్ను కందిగింజంత.
మొదటిదాన్ని మంచం మీద, కంబళి మీద కూచొని ఊడదీసినాను.
జనవరి. గాలిలో తడి లేదు.
కంబళిలో చిటుక్కుమంది, వేలు జివ్వుమంది,
అంతే.
చచ్చిన లేజరు కూడా వెలుగుతుందని అప్పుడే తెలిసింది,
మసక మసగ్గా, ఎటుబడితే అటు.

రెండోది నా ఆత్రానికి పోయింది.
ఒక్క నిమిషం మాత్రం, అబ్బా,
ఎదురుగోడ మీద రక్తపుచుక్కలా నిలబడింది.

హసావీ సందులో ఫోన్లు బాగుచేసే శిహాబు
నా వైరింగు చూసి నవ్వలేదు. అది చాలు.
"ఆకలైనంత పెట్టొద్దు, అరిగినంత పెట్టు" అన్నాడు
సగం హిందీలో, సగం మలయాళంలో.
కరెంటుకు కళ్లెం వేసే చిప్పొకటి, రెండొందల ఫిల్సులు.
రెసిస్టర్లు ఊరికే ఇచ్చినాడు.
కెపాసిటరు ఖాళీ చేసినాకనే డయోడు ముట్టుకోమని
నాతో మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు.
వేడి లాగడానికి చచ్చిన టార్చి ఒళ్లు. లెన్సు ఆ రైటరుదే.
కళ్లజోడు మాత్రం నాలుగు దీనార్లు.

పెంచలయ్య లెక్క గట్టినాడు:
"సామానంతా కలిపి రెండు దీనార్లు గాలే,
అద్దాలకు నాలుగా? పిచ్చి పట్టిందేంరా ఓబులేసూ?"
"కళ్లు యే సంతలో దొరుకుతాయో చెప్పన్నా,
అవే కొనుక్కుంటా."

మూడోది బతికింది.
కానీ చుక్క.
చుక్కతో గోడ కట్టలేం గదా.
పది రాత్రులు ఆ చుక్కను చూసుకుంటూ పడుకున్నాను.

ఆ శుక్రవారం మస్తాను నమాజుకు తయారై
అత్తరు సీసా మూత తీసినాడు.
మూతకు సన్నటి గాజుపుల్ల.
మణికట్టుకు రాసుకుంటుంటే
కిటికీ వెలుగు ఆ పుల్లలో పడి
గోడ మీద చీలికలా సాగింది.

"వాసన పోతాదా?" అన్నాడు ఇచ్చేముందు.
"పోదు. నా లుంగీకి అంటుకుంటాది" అన్నాను.
తుడిచినాను. అడ్డంగా పెట్టినాను. లైటార్పినాను.
చుక్క పగిలి గీతైంది.
నాలుగు మంచాలూ దాటి, ఆరేసిన బనియన్లు దాటి,
డబ్బు పంపిన రోజులకు సున్నా చుట్టిన క్యాలెండరు దాటి
తలుపు దాకా.

నమ్మలేదు నేను.
బాత్రూములోంచి పైపు తెచ్చి నీళ్లు నింపి
ఆ కొస పెంచలయ్యకిచ్చినాను.
"నిలబన్యాయా?"
"ఉండుండు... ఆ, నిలబన్యాయి."
నీళ్లు చెప్పినచోటికి గీతను జరిపినాను.
అప్పుడు చూస్తే, కిటికీ వంకర.
రెండు వేళ్ల వాటం, ఎడమకు.
ఎవరు పెట్టినాడో ఆ మేస్త్రీ,
ఆయన్ను కూడా ఎవరో తొందరపెట్టే ఉంటారు.

"రేపు సైటుకు తీస్కపోతావా?" మస్తాను.
"తీస్కపోను. ఆ గోడలకు ఆయన పెట్టె ఉంది."

ముందు పెంచలయ్య మంచం సంగతి చూడాలి.
తలవైపు పల్లం, ఒక అంగుళం.
మూడేళ్లుగా తలనొప్పి తలనొప్పి అంటాండు.
సంచిలో పగిలిన టైలుముక్క ఉండాలి,
లైటెయ్యి.