తెల్లగా మిగిలిన లంక

ముమ్మిడివరం ఆసుపత్రి మేడగదిలో
మూడేళ్ల పాముకాట్లు
చీటీల మీద ఊరి పేర్లు చూసి
ఒక్కొక్కటే చుక్కగా పటం ఎక్కించాను.
చుక్క మీద చుక్క పడి
ఏడుగురు ఒక్కరిలా కనబడ్డారు.

వ్యాసార్థం పెంచాను.
చుక్కలు కరిగి, నీటి మీద చమురులా పాకి
కాలవ గట్ల వెంట పసుపు,
కోతకొచ్చిన చేల మీద నారింజ,
నడుమ చిక్కటి ఎరుపు.
ఇంకాస్త పెంచితే సీమంతా జ్వరమే.
తగ్గిస్తే, మళ్లీ ఎవరి గాయం వారిదే.

ఆశా కార్యకర్త సత్యవేణి
టీ గ్లాసు కిందపెట్టి
పాయకి అవతల తెల్లగా ఉన్న లంక మీద
వేలు ఆనించింది.
"ఇక్కడ పాముల్లేవాండీ?"

లేవనే అనుకున్నాను. రంగు లేదు కదా.

"ఏడు దాటితే పంటు కట్టేత్తారండి.
మొన్న శ్రావణంలో మా పెదమావయ్య,
మొగలి డొంక దగ్గర...
తెల్లారి రేవు దాటించేరు గానీ
చీటీ రాయించే పని లేకపోయిందండి."

తెర మీద ఆమె వేలిముద్ర,
చెమటా కొబ్బరినూనే కలిసిన మసక.
గుడ్డ తీసి, మళ్లీ పెట్టేశాను.

ఇంతలో కరెంటు పోయింది.
పసుపు, నారింజ, ఎరుపు, అన్నీ పోయాయి.
నల్లటి తెర మీద
లంక ఒక్కటే కనబడుతోంది.